వాన వెలిసింది, ఇల్లు ఆరలేదు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మన హైదరాబాదుకు సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. అందుచేత తుపాను అనే మాట వినగానే మనం విశాఖనో మచిలీపట్నాన్నో తలచుకొని, అక్కడి బంధువులకు ఫోను చేసి క్షేమం కనుక్కొని, మళ్లీ మన పనిలో పడిపోతాము. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటినది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం మాత్రమే. అది పడమరగా సాగి వచ్చి ఆ రోజు హైదరాబాదు మీద కుమ్మరించిన వానకు ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదయింది, పల్లె చెరువు కట్ట తెగి కిందనున్న బస్తీలు మునిగాయి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే గానీ వాతావరణ శాఖ దానిని తుపాను అనదు, వానకు మాత్రం ఆ లెక్కతో పని లేదు.

ఈసారి తుపాను వాన తెరిపి ఇచ్చిన వారం రోజులలో మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ప్రాణభయం గురించి రాసినవారు దాదాపు లేరు. నీరు తీసింది, కరెంటు వచ్చింది, చుట్టాలు చూసి వెళ్లారు, అసలు చికాకు ఆ తరువాతనే మొదలైంది అన్నదే అందరి మాట. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాది రామంతాపూర్‌లో కింది అంతస్తు ఇల్లు. రెండు అడుగుల ఎత్తున నీళ్లు ఒక రాత్రంతా నిలిచి, తెల్లారి తీశాయి. ఇప్పుడు గోడలు మూడున్నర అడుగుల దాకా తడిగా ఉన్నాయి, తెల్లగా ఏదో పొడిలాగా పైకి వస్తోంది. అయిదు వారాలలో మా అమ్మాయి నిశ్చితార్థం ఇంట్లోనే పెట్టుకున్నాము. పది రోజులలో గీకి లప్పం పెట్టి రంగు వేసి ఇస్తానని పెయింటరు అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వేయించవద్దు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం, ఈ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. 2020లో మా వరండా, ముందు గది మునిగినప్పుడు, మరకలు చూడలేక నాలుగో వారంలోనే లప్పం పెట్టించి మంచి రంగు వేయించాను. దీపావళికి ఇల్లు కళకళలాడింది. సంక్రాంతి వెళ్లాక ఒక రోజు సోఫా జరిపితే వెనక గోడ మీద అరచేతి వెడల్పున రంగు ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే కాగిన పాల మీద మీగడలాగా ముడతపడి, లోపలి లప్పం ముద్దగా తడి తడిగా వేలికి అంటుకుంది. ఆ వేసవి దాకా ఆగి మొత్తం మళ్లీ గీకించవలసి వచ్చింది, ఖర్చు రెండింతలు అయింది.

నీరు రెండు అడుగులే నిలిచినా చెమ్మ మూడున్నర అడుగులకు ఎందుకు ఎక్కిందంటే, ఇటుకలోనూ సిమెంటు ప్లాస్టరులోనూ ఉండే సన్నని రంధ్రాల గుండా నీరు దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు పైకి ఎక్కుతుంది. అది బయటికి పోవడానికి ఉన్న దారి గోడ ముఖం ఒక్కటే. ఆ ముఖానికి లప్పం పూసి, పైన ఆయిలు పెయింటు వేస్తే దారి మూసుకుపోతుంది. నీరు లోపలే తిరిగి పెచ్చులు ఊడదీస్తుంది.

మీరు చూసిన తెల్లని పొడి ఉప్పో బూజో ముందు తేల్చుకోండి. దాని మీద ఒక నీటి చుక్క వేయండి. కరిగిపోతే అది గోడలోని ఉప్పు, కరగకుండా మసకగా అలాగే ఉంటే బూజు. ఉప్పును తడి గుడ్డతో తుడిస్తే కరిగి తిరిగి గోడలోకే పోతుంది కాబట్టి పొడి బ్రష్‌తో రాల్చి, కింద పడినదంతా చీపురుతో ఎత్తి బయట పారేయాలి. బూజు విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు. పొడిగా రుద్దితే అది గాలిలోకి లేచి ఊపిరితిత్తులలోకి పోతుంది కాబట్టి, ముక్కుకు మాస్కు కట్టుకొని, సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే ఆ పని వారిచేత చేయించకండి, ఆ పూట వారు ఆ గదిలో ఉండకుండా చూడండి.

తడి ఎక్కిన ఎత్తు వరకు పాత రంగు గీకించి వదిలేయండి. అంత వరకు పెయింటరు మాట సరైనదే, గీకడం మేలే చేస్తుంది. బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరం జరిపి, ఎదురెదురు కిటికీలు తెరిచి, ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టండి. మన ఊళ్లో కార్తీకం నుండి వీచే పొడి గాలి ఈ పనికి చాలా బాగుంటుంది, ఆ గాలిని వృథా చేసుకోవద్దు. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక అడుగు వెడల్పు పలచని ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజంతా ఉంచండి. కాగితం లోపలి వైపు చెమట పట్టినట్లు బిందువులు కనిపిస్తే గోడ ఇంకా నీళ్లు వదులుతోందన్నమాట. రెండు అడుగుల నీళ్లు తాగిన గోడకు నెలలు పట్టవచ్చు.

ఇక నిశ్చితార్థం సంగతి. గీకిన భాగానికి రెండు పూతలు మామూలు సున్నం వేయించండి. సున్నం తెల్లగా కనిపిస్తుంది, చెమ్మ బయటికి పోవడాన్ని ఆపదు, వేసవిలో తీసేసి అసలు రంగు వేసుకోవచ్చు. ఆ రోజుకు నడుము ఎత్తు దాకా బంతిపూల దండలు కట్టించండి. పెళ్లివారు గోడ చూడటానికి రారు, వరద వచ్చిన ఇల్లని వారికీ తెలుసు.

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది సరూర్‌నగర్. పడకగది తలుపు ఉబ్బి గడపలో బిగుసుకుపోతోంది, భుజం వేసి నెడితే గానీ పడటం లేదు. గొళ్లెం కూడా రంధ్రంలోకి దిగడం లేదు. వడ్రంగిని పిలిస్తే, చిత్రిక పట్టి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తీసేస్తే సరిపోతుందని అన్నాడు. బాత్రూము తలుపు కింద పొరలు విడిపోయాయి.

జవాబు: చిత్రికకు తొందర లేదు. చెక్క నీరు తాగినప్పుడు పొడవుగా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, ఆరినప్పుడు మళ్లీ అంతే మేర తగ్గుతుంది. ఇప్పుడు ఉబ్బిన చెక్కను గడప కొలతకు చెక్కేస్తే ఏప్రిల్ ఎండలకు అది దగ్గరికి తీసుకొని, తలుపు వేసినా గది వెలుతురు బయటికి కనిపించేంత సందు మిగులుతుంది. తీసేసిన చెక్కను ఎవరూ తిరిగి అతికించలేరు. అంతవరకు తలుపును పగలంతా తెరిచి, కదలకుండా కింద చీలిక పెట్టి, రెండు వైపులా గాలి తగలనివ్వండి. రాసుకునే అంచున కొవ్వొత్తి మైనం రుద్దండి. గొళ్లెం దిగకపోవడం చాలాసార్లు తలుపు బరువెక్కి పై బందు మరలు వదులు కావడం వల్ల వస్తుంది, వాటిని బిగించి చూడండి.

మరొక మాట. వడ్రంగులు తలుపు బిగించే ముందు పై అంచుకూ కింది అంచుకూ రంగు వేయడం తరచుగా మరచిపోతారు, ఎందుకంటే అవి కంటికి కనిపించవు. నీరు ఎక్కువగా పీల్చుకునేది ఆ రెండు అంచులే. వేసవిలో తలుపు బాగా ఆరాక దించి, ఆ అంచులకు వార్నిషు గాని పెయింటు గాని పట్టించండి, వచ్చే వానకాలం ఈ ఉత్తరం రాయవలసిన అవసరం ఉండదు. పొరలు విడిపోయిన బాత్రూము తలుపు మాత్రం కోలుకోదు, మార్చక తప్పదు.

ప్రశ్న: అమ్మగారికి, టోలిచౌకి నుండి. మా అపార్టుమెంటు సంపు 10,000 లీటర్లది. వాన నాడు మోరీ నీళ్లు పొంగి సంపులోకి దిగాయి. మా వాచ్‌మన్ మంచి ఉద్దేశంతోనే ఒక కిలో బ్లీచింగ్ పొడి తెచ్చి సంపులో గుమ్మరించాడు. ఇప్పుడు పై ట్యాంకు నీళ్లు కూడా ముక్కు మండేలా ఉన్నాయి. కొందరు ఆర్వో ఫిల్టరు ఉంది కదా అంటున్నారు, కొందరు ట్యాంకరు నీళ్లు తెప్పిద్దామంటున్నారు. మీటింగులో రెండు గంటలు వాదించుకున్నాము, ఏమీ తేలలేదు.

జవాబు: ముందు లెక్క చూద్దాము. మంచి బ్లీచింగ్ పొడిలో మూడింట ఒక వంతు క్లోరిన్ ఉంటుంది, తేటగా ఉన్న 1,000 లీటర్ల నీటిని శుద్ధి చేయడానికి సుమారు 2.5 గ్రాములు చాలు. అంటే మీ సంపుకు 25 గ్రాములు. పడినది 1,000 గ్రాములు, అంటే 40 రెట్లు. ఆ నీరు తాగడానికీ వంటకూ స్నానానికీ పనికిరాదు గానీ వృథా కూడా కాదు, సంపు గోడలను, పైపులను శుభ్రం చేయడానికి అదే కావాలి. పై ట్యాంకులోకి చేరిన నీటిని ఒక రాత్రి అలాగే ఉంచి, ఉదయం ప్రతి ఫ్లాటులోనూ కుళాయిలు తిప్పి పూర్తిగా వదిలేయమనండి. ఆర్వో యంత్రాలకు వచ్చే కుళాయిలను మాత్రం ఆ పూట కట్టేయాలి, ఇంత క్లోరిన్ వాటి పొరను పాడు చేస్తుంది.

తరువాత సంపును అడుగు దాకా తోడించండి. పంపుతో బయటి నుండే తోడించండి, వాచ్‌మన్‌ను గాని మరెవరిని గాని ఊరికే లోపలికి దింపకండి. మురుగు చేరి మూతపడిన సంపులో ప్రాణవాయువు తగ్గిపోయి, విషవాయువులు పేరుకుంటాయి. దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు, అతనిని తీయడానికి దిగిన రెండో మనిషి కూడా పడిపోతాడు. మన రాష్ట్రంలోనూ ఇలా ప్రాణాలు పోయిన వార్తలు చదివాము. నెలకు కొన్ని వేల జీతానికి మన ఇంటి కాపలా కాస్తున్న మనిషికి ఆ ప్రమాదం అప్పగించే హక్కు మనకు లేదు. బురద తీయక తప్పకపోతే గాలి పంపే ఏర్పాటు, నడుముకు తాడు, పైన ఇద్దరు కాపలా ఉండే పనివారినే పిలవండి. ఇంకొక జాగ్రత్త, బ్లీచింగ్ వాడిన చోట బాత్రూముల్లో పోసే యాసిడ్ ఎట్టి పరిస్థితులలోనూ పోయనివ్వకండి. ఆ రెండూ కలిస్తే అక్కడికక్కడే క్లోరిన్ వాయువు లేస్తుంది.

కొత్త నీరు నింపాక, వరద తరువాతి మొదటి ఒకటి రెండు నింపులకు రెట్టింపు మోతాదు, అంటే మీకు 50 గ్రాములు, వేయవచ్చు. పొడిని నేరుగా చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, తరువాత బకెట్ ముప్పాతిక దాకా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే సంపులో పోసి, కనీసం ఒక గంట ఆగాకే మోటారు వేయాలి. కుళాయి నీటిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే సరిపోతుంది, దానిని చూసే చిన్న క్లోరోస్కోపు దొరుకుతుంది. జలమండలికి (నగర నీటి సరఫరా సంస్థకు) 155313 నంబరులో చెబితే కలుషిత నీటి ఫిర్యాదు నమోదు చేసుకుంటారు.

ఆర్వో గురించి వాదించినవారికి ఒక మాట. ఆ యంత్రం కుళాయి నీటి కోసం చేసినది, మురుగు కలిసిన నీటి కోసం కాదు. మూడు నాలుగు వారాల పాటు, ఆర్వో ఉన్న ఇంట్లో కూడా, తాగే నీటిని బాగా తెర్లేలా కాచి, తెర్లడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లార్చి తాగండి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ విషయంలో బద్ధకించవద్దు.

ప్రశ్న: మేడమ్, మాది అల్వాల్. కరెంటు ముప్పై గంటలు లేదు. ఫ్రిజ్ నిండా సరుకు ఉంది. పడేయాలంటే మనసొప్పడం లేదు. మా అత్తయ్యగారి ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది.

జవాబు: తలుపు తెరవకుండా ఉంచిన ఫ్రిజ్ నాలుగు గంటల వరకు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగమే ఉన్నది 24 గంటలు. ముప్పై గంటలంటే కింది అరల సంగతి తేలిపోయినట్లే. పాలు, పనీరు, వండిన కూరలు, పప్పు, కోడిమాంసం, చేపలు వాసన బాగున్నా వదిలేయండి, రోగం తెచ్చే క్రిములు అన్నిసార్లూ వాసనతో చెప్పవు. ఊరగాయలు, నెయ్యి, చింతపండు గుజ్జు, పచ్చి కూరగాయలు ఉంచుకోవచ్చు. ఇడ్లీ పిండి పులిసి పొంగిపోయి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఫ్రీజరులో గడ్డ ఇంకా గట్టిగా ఉన్న వస్తువులను వెంటనే వండుకొని తినవచ్చు.

ఇన్సులిన్‌ను పారేయవలసిన పని చాలావరకు ఉండదు. చాలా రకాల ఇన్సులిన్ ఎండ తగలకుండా గది వేడిలో సుమారు 28 రోజులు పనిచేస్తుంది, కాబట్టి చలువ పోయిన రోజు తేదీని పెన్నుతో సీసా మీద రాసి అక్కడి నుండి లెక్కపెట్టండి. రకాన్ని బట్టి ఈ గడువు మారుతుంది, పెట్టెలోని కాగితం చూసి మందుల దుకాణంలో ఒకసారి ధృవీకరించుకోండి. మంచుగడ్డ తగిలి గడ్డకట్టినది, రంగు మారినది మాత్రం వాడకూడదు.

ప్రశ్న: అమ్మా, మా సెల్లారులో నాలుగు అడుగుల నీళ్లు నిలిచాయి. కరెంటు మీటర్లన్నీ అక్కడే ఉన్నాయి. నా స్కూటరు కూడా మునిగింది. నీళ్లు తీసిన తరువాత మీటరు బోర్డు పొడిగా కనిపిస్తోంది, మెయిను వేసుకోవచ్చా? స్కూటరు స్టార్టు చేసి చూడమని మా తమ్ముడు అంటున్నాడు.

జవాబు: రెండింటికీ జవాబు ఒక్కటే, వద్దు. బోర్డు బయట పొడిగా ఉన్నా, మునిగిన ఎమ్‌సీబీ లోపల సన్నని బురద పొర మిగిలిపోతుంది. షార్టు అయినప్పుడు పడిపోవలసిన మీట ఆ బురద వల్ల పడకపోవచ్చు. మునిగిన ఎమ్‌సీబీలను, స్విచ్చులను, సాకెట్లను ఆరబెట్టి వాడటం కాక మార్చడమే పద్ధతి. మీటరు, దానికి వచ్చే తీగ విద్యుత్ సంస్థవి కాబట్టి 1912కు చెప్పి వారి మనిషి చూశాక, మీ ఎలక్ట్రీషియను ఎర్తింగును పరీక్షించి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే పరికరం) పరీక్ష మీటను నొక్కి చూశాక, ఒక్కొక్క ఫ్లాటుకు విడివిడిగా కరెంటు ఇవ్వండి. పై అంతస్తుల వారు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

స్కూటరు ఇంజనులోకి నీరు చేరి ఉంటే, స్టార్టు చేసినప్పుడు పిస్టను ఆ నీటిని నొక్కలేక లోపలి కడ్డీ వంగిపోతుంది. నీటిలో మునిగినందుకు ఇవ్వవలసిన బీమా డబ్బును కూడా, మునిగాక స్టార్టు చేశారన్న కారణం చూపి తగ్గించవచ్చు. నీటి మరక ఎంత ఎత్తున ఉందో కనిపించేలా ఫొటోలు తీసి, బీమా వారికి తెలిపి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి చేర్చండి. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఈ నష్టం దాని కిందికి రాదని ముందే తెలుసుకోండి. బ్యాటరీ స్కూటరైతే ఛార్జింగు పెట్టనే పెట్టకండి.

ప్రశ్న: మా వీధిలో ఇప్పటికీ ఖాళీ స్థలాలలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంట్లోకి రోకలిబండలు, జెర్రులు వస్తున్నాయి, మొన్న గేటు దగ్గర పాము కనిపించింది. దోమల సంగతి చెప్పనక్కరలేదు. - బండ్లగూడ నుండి

జవాబు: వాటి ఇల్లు కూడా మునిగింది కాబట్టి అవి ఎత్తు వెతుక్కుంటూ వస్తున్నాయి. రోకలిబండ కరవదు, చేటలోకి ఎత్తి బయట వేయండి. జెర్రి కుడుతుంది, చెప్పులు, పరుపులు దులుపుకొని వాడండి.

పాములలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి నీరుకట్టె, జెర్రిపోతు, రెండింటికీ విషం లేదు. కానీ దూరం నుండి గుర్తుపట్టగలమన్న ధీమా వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు విషపు జాతులూ మన చుట్టుపక్కల ఉన్నాయి. కర్ర ఎత్తకుండా, ఒకరు దూరం నుండి అది ఎటు పోయిందో చూస్తూ ఉండగా, మరొకరు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి ఫోను చేస్తే శిక్షణ పొందిన కార్యకర్తలు వచ్చి పట్టుకుపోతారు. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది, ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కొన్నాళ్లు అందరూ మంచాల మీదే, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం చేయకుండా, మనిషిని నడిపించకుండా నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

దోమల విషయంలో అందరూ వీధిలోని పెద్ద గుంటను చూస్తారు. డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది మాత్రం మన ఇంట్లోని తేట నీటిలో. కుండీల కింది పళ్లెం, కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే గిన్నె, వాన తరువాత మేడ మీద మిగిలిన కొబ్బరి చిప్ప చూడండి. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి వంచేస్తే ఆ చక్రం తెగుతుంది. గుడ్లు పాత్ర గోడకు అతుక్కొని నీళ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి, అందుచేత వంచడంతో ఆగకుండా పీచుతో రుద్ది కడగాలి. మన దగ్గర పురపాలక శాఖ 2020లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అనే కార్యక్రమం మొదలుపెట్టినది దీనికోసమే. వీధి గుంటలో మందు చల్లించే పని నగరపాలక సంస్థది, మీ కాలనీ తరఫున రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: పట్టుచీరలు తడిసి ముక్కిన వాసన వేస్తున్నాయి. డబ్బాలలోని బియ్యం, పల్లీలు చెమ్మగిల్లాయి. ఎండలో పోస్తే పనికొస్తాయా?

జవాబు: వరద నీరు తగిలిన ధాన్యం దేనినీ ఉంచుకోకండి. గాలి చెమ్మ మాత్రమే తగిలిన బియ్యాన్ని ఎండబోసి జల్లించి వాడుకోవచ్చు. పల్లీలు, ఎండుమిరపకాయలు బూజు పట్టితే మాత్రం ఏరి వాడే ప్రయత్నం వద్దు, వాటిలో ఆఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది వేయించినా ఉడికించినా పోదు. పట్టుచీరలను ఎండలో వేయకుండా, ఇస్త్రీ చేయకుండా, నీడలో మడత విప్పి గాలికి ఆరవేయండి. బురద మరక ఉన్నవాటిని రుద్దకుండా డ్రైక్లీనింగుకు ఇవ్వండి. పూర్తిగా ఆరాక, పాత నూలు పంచెలో చుట్టి, మునుపటి మడత మీద కాక వేరే చోట మడిచి పెట్టండి.

ప్రశ్న: అమ్మగారూ, దోమలగూడలో మా ఇంటి అటక కింద ఉన్న ఇనుప పెట్టెలోకి నీళ్లు వెళ్లాయి. ఇంటి దస్తావేజులు, నాన్నగారి చేతిరాత డైరీలు, అమ్మానాన్నల పెళ్లి ఫొటోల ఆల్బం తడిసిపోయాయి. ఫొటోలు ఒకదానికొకటి అంటుకున్నాయి. దస్తావేజులు ఎండలో పెట్టాను, వంకరలు పోతున్నాయి. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఏం చేయాలో తెలియక పెట్టె ముందు కూర్చుంటున్నాను.

జవాబు: మీ ఉత్తరం చదివి, అన్నింటికంటే ముందు దీనికే జవాబు రాశాను, అచ్చులో చివర వచ్చినా.

దస్తావేజుల గురించి బెంగపడకండి. రిజిస్టరయిన పత్రాల నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది, దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి అడిగితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. వాటిని ఎండలోంచి తీసి, నీడలో, మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి, ఆ కాగితాలు తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరనివ్వండి. అచ్చు సిరా అంటుతుంది కాబట్టి వార్తాపత్రికలు వాడవద్దు.

ఆఫీసులో నకలు లేనివి డైరీలు, ఫొటోలు. డైరీలను తడి మీద విప్పి పేజీలు వేరు చేయడానికి ప్రయత్నించకండి, తడిసిన కాగితం గోరు తగిలినా చిరుగుతుంది. రెండు రోజులు దాటితే బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఒకేసారి అన్నీ ఆరబెట్టలేకపోతే ఒక్కొక్క డైరీని విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నొక్కుడు పడకుండా ఫ్రీజరులో ఉంచండి. గ్రంథాలయాలు, పురాతన పత్రాల భాండాగారాలు వరదల తరువాత చేసే పని ఇదే. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, సిరా మరింత పాకదు. తరువాత వారానికి ఒకటి చొప్పున బయటికి తీసి, నిలువుగా నిలబెట్టి, పేజీలు కొద్దిగా విచ్చుకునేలా చేసి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా అదే గదిలో తిరిగేలా పెట్టి ఆరబెట్టండి. సిరా కలంతో రాసిన పేజీలు కడగకూడదు, బురద ఉంటే అలాగే ఆరనిచ్చి మెత్తని కుంచెతో దులపండి.

ఫొటోలకు మాత్రం ఎదురు పద్ధతి. అవి అంటుకున్న స్థితిలో ఆరిపోతే ఇక విడవు, కాబట్టి ఇంకా తడిగా ఉంటే ఈ రోజే మొదలుపెట్టండి. వెడల్పు పళ్లెంలో శుభ్రమైన చల్లని నీళ్లు పోసి, అంటుకున్న ఫొటోలను అందులో వదిలి, అవి తమంతట తాము వదులయ్యే దాకా ఆగండి. అరగంట పట్టవచ్చు, ఇంకా ఎక్కువ పట్టవచ్చు. బొమ్మ ఉన్న వైపు వేలు తగలకుండా అంచు పట్టుకొని తీసి, బొమ్మ పైకి ఉండేలా తెల్లని బట్ట మీద పరచండి, లేదా తాడు కట్టి మూలను క్లిప్పుతో వేలాడదీయండి. ప్లాస్టిక్ పొరకు అతుక్కున్నది ఊడి రాకపోతే లాగవద్దు, పొర మీది నుండే ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. అసలు ప్రతిదానినీ పళ్లెంలోకి దించే ముందే ఒకసారి అలా తీసుకోండి.

మొదట ఆల్బంలో పెళ్లి ఫొటోలతో మొదలుపెట్టండి, డైరీలు ఫ్రీజరులో ఆగుతాయి. ఇంట్లో మరొక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఒకరు నీటిలోంచి తీస్తుంటే మరొకరు బట్ట మీద పరచవచ్చు. ఫొటో వెనక పేర్లు గాని తేదీ గాని రాసి ఉంటే, సిరా పాకకముందే వాటిని ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించమనండి.